"కేసు కొట్టేశారు" అంటే మా అమ్మ సంతోషపడింది. అమెరికా జైల్లో ఉన్న తమ్ముడి హెబియస్ కార్పస్ డిస్మిస్ అయింది, ఇంకేమైనా దారి ఉందా?

దేవరకొండ_అన్న:

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె, నేను నల్గొండలో చిన్న ఉద్యోగం చేస్తాను. కోర్టు సంగతులు పెద్దగా తెలియవు, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మా తమ్ముడు ఎమ్మెస్ చదవడానికి అమెరికా పోయాడు. అక్కడ ఎవరో పరిచయమై, ఫలానా ఇంటికి పోయి పార్సిల్ తెచ్చిపెడితే ఇంత ఇస్తామన్నారు, వీడు పోయాడు. ఆ పార్సిళ్లలో ఉన్నది ముసలివాళ్లను ఫోన్లో భయపెట్టి గుంజిన డబ్బు. మొదట తెలియదంటాడు, తర్వాత తెలిసి కూడా ఆపలేదని కోర్టులో వాడే ఒప్పుకున్నాడు. ఆ ముసలివాళ్లను తలచుకుంటే మాకే తల ఎత్తుకోబుద్ధి కాదు, కాబట్టి వాడు ఏ తప్పూ చేయలేదని నేను చెప్పడం లేదు. 2022 జూన్‌లో పట్టుకున్నారు, 2023 ఫిబ్రవరిలో 60 నెలల సజా పడింది, పట్టుకున్న రోజునుంచీ లోపలే ఉన్నాడు, ఇప్పుడు ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) జైల్లో. జైలు వాళ్ల లెక్క ప్రకారం విడుదల 2026 సెప్టెంబరు.

ఇప్పుడు అసలు విషయం. జైల్లో క్లాసులకు, పనికి పోతే రోజులు తగ్గించే చట్టం ఒకటి ఉందట, దానిమీద వీడికి సంవత్సరం దాకా తగ్గాలట. అక్కడి కౌన్సెలర్ మాత్రం "నిన్ను ఎలాగూ మీ దేశం పంపేస్తారు, నీకు అది రాదు" అన్నాడట. దాంతో 2024 అక్టోబరులో, జైలు లైబ్రరీలో పిటిషన్లు రాసిపెట్టే ఒక తోటి ఖైదీ సాయంతో హెబియస్ కార్పస్ వేశాడు, అంటే నన్ను అన్యాయంగా లోపల ఉంచారని కోర్టుకు పెట్టుకునే దరఖాస్తు. అందులో రెండు మాటలు రాశారు. ఒకటి ఈ రోజుల లెక్క. రెండోది, తప్పు ఒప్పుకుంటే దేశం నుంచి పంపేస్తారని అప్పటి లాయరు సరిగా చెప్పలేదు కాబట్టి సజానే రద్దు చేయాలని.

2025 మార్చి 12న జడ్జి డిస్మిస్ చేశారు. అక్కడున్న మా దోస్తు ఆన్‌లైన్లో తీసి ఆర్డరు వాట్సప్ చేశాడు, 9 పేజీలు. ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలి. ఫోన్లో మా దోస్తు "కేసు కొట్టేశారు" అన్నాడు, స్పీకర్‌లో ఉంది, మా అమ్మ విన్నది. మన దగ్గర కేసు కొట్టేశారంటే మనిషి బయటపడ్డట్టే కదా. ఆమె అప్పటికప్పుడే చెరువుగట్టు మొక్కు ఎప్పుడు తీర్చుకుందాం అని నాయినను అడిగింది. కొట్టేసింది వాడి మీద కేసు కాదమ్మా, వాడు వేసుకున్న దరఖాస్తు అని చెప్పేసరికి నా నోరు ఎండిపోయింది. ఆ రాత్రి ఎవరూ అన్నం తినలేదు.

నాకు అర్థం కానివి చెప్తాను. మొదటి అంశం "వితౌట్ ప్రెజుడిస్" డిస్మిస్ అని ఉంది. డిక్షనరీ చూస్తే ప్రెజుడిస్ అంటే పక్షపాతం అని ఉంది, అంటే "నేను పక్షపాతం లేకుండానే కొట్టేశాను" అని జడ్జి చెప్పుకున్నారా? రెండో అంశం "ల్యాక్ ఆఫ్ జురిస్‌డిక్షన్" అని ఉంది, మా అధికారంలో లేదు అన్నట్టు. జైలు ఉన్నది వాళ్ల జిల్లాలోనే, మరి అధికారం ఎందుకు లేదు? ఇంకోటి, పిటిషన్‌లో ప్రతివాదిగా అమెరికా ప్రభుత్వం పేరు లేదు, జైలు వార్డెన్ పేరే ఉంది, అది తప్పు రాశారా?

ఒకాయన ఫోన్ చేసి అప్పీలు చేయిస్తాను, ముందు 4,000 డాలర్లు పంపండి అంటున్నాడు. నాయిన రోడ్డు పక్కన ఉన్న ఎకరం అమ్ముదాం అంటున్నాడు. మొదటి లాయరుకే రెండు ఎకరాలు పోయాయి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అమ్మాలా వద్దా చెప్పండి.

పాలమూరు_వకీలు:

తమ్మీ, ముందు ఆ ఎకరం జోలికి పోకండి, మీ నాయినను కొన్ని రోజులు ఆగమను.

నేను మహబూబ్‌నగర్ కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తాను. అమెరికా చట్టంలో నేను నిపుణుణ్ని కాదు, ఇక్కడ తెలిసినవాళ్లు ఎవరైనా వస్తే వాళ్ల మాటకు విలువ ఇవ్వండి. మీరు అడిగిన మాటల అర్థాలు మాత్రం చెప్పగలను, ఎందుకంటే వాళ్లూ మనమూ ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న సరుకే ఇది.

"వితౌట్ ప్రెజుడిస్" అంటే పక్షపాతం సంగతి కాదు. మన కోర్టు తెలుగులో దాన్ని "హక్కులకు భంగం లేకుండా" అంటాం. అంటే ఈ కాగితాన్ని ఇప్పుడు పక్కన పెడుతున్నాం, దీనివల్ల మళ్లీ వేసుకునే హక్కు మీకు పోలేదు అని. లోపం సరిదిద్దుకుని రమ్మని తిప్పి పంపడం అనుకోండి. మీ తమ్ముడు చెప్పింది అబద్ధమనో, రోజులు రావనో జడ్జి ఆ మాటతో తేల్చినట్టు కాదు.

వార్డెన్ పేరు ఉండటం తప్పు కాదు, అదే సరైన పద్ధతి. హెబియస్ కార్పస్ లాటిన్ మాట, దేహాన్ని హాజరుపరచు అని. ఆ దేహం ఎవరి చేతిలో ఉందో వాళ్లనే అడగాలి. జైల్లో ఉన్న మనిషిని పట్టి ఉంచింది వార్డెన్ కాబట్టి ఆయనే ప్రతివాది.

మనవాళ్లకు హెబియస్ కార్పస్ అనగానే పీడీ యాక్ట్ గుర్తొస్తుంది. 1986 నాటి ఆ చట్టం కింద విచారణ లేకుండా 12 నెలల దాకా లోపల పెట్టొచ్చు, అప్పుడు ఇంటివాళ్లు హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద పిటిషన్ వేస్తారు. ఆ డిటెన్షన్ ఆర్డర్లు చాలా పడిపోతుంటాయి, 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తెలంగాణలో ఈ చట్టం వాడుతున్న తీరును గట్టిగా తప్పుపట్టింది కూడా. అందుకే హెబియస్ వేస్తే మనిషి బయటికొస్తాడు అనే నమ్మకం మన జిల్లాల్లో బలంగా ఉంది. కానీ అది విచారణ లేకుండా పట్టుకున్నవాళ్ల సంగతి. కోర్టు సజా వేసినవాడికి మన దగ్గర కూడా హెబియస్ దాదాపు పనిచేయదు, నీ దారి అప్పీలు అంటారు. అమెరికాలో సజా పడినవాళ్లు కూడా హెబియస్ వాడతారు, అయితే ఏ కోర్టులో ఏ అడ్డు ఉంటుందో అక్కడివాళ్లే చెప్పాలి.

తెలంగాణ_బిడ్డ_77:

అన్నా, మన హైకోర్టులోనే ఒక హెబియస్ వేయించండి. కేంద్రం మీద ఒత్తిడి వస్తే అమెరికా వాళ్లు వదిలేస్తారు. లేదంటే విదేశాంగ మంత్రికి ట్వీట్ చేయండి, ఎంతోమందిని తీసుకొచ్చారు.

పాలమూరు_వకీలు:

తమ్మీ, మంచి మనసుతో చెప్పారు కానీ అది జరగదు. మన హైకోర్టు రిట్ అమెరికా జైలు గేటు దాకా పోదు. భారత కాన్సులేట్ వాళ్లు ఖైదీని కలవొచ్చు, ఇంటివాళ్లకు కబురు చెప్పొచ్చు, 1963 వియన్నా ఒప్పందంలో ఆ హక్కు ఉంది. సజా తగ్గించడం వాళ్ల చేతిలో లేదు. ఉన్న కొద్ది సమయాన్ని ఆ వైపు పోనివ్వకండి.

నకిరేకల్_డాలస్:

దేవరకొండ అన్నా, మాది నకిరేకల్. పదేళ్లుగా ఇక్కడ ఒక లా ఆఫీసులో పారాలీగల్‌గా చేస్తున్నాను, సజా పడ్డాక వేసే పిటిషన్ల కాగితాలే నా రోజువారీ పని. లాయర్ని కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఫెడరల్ ఖైదీకి రెండు వేరు వేరు తలుపులున్నాయి, మీ తమ్ముడి పిటిషన్‌లో రెండు తలుపుల సామానూ ఒకే బస్తాలో కట్టారు. అమెరికా చట్టాల సంపుటిలో 28వ భాగం (టైటిల్) ఉంది, అందులో 2255 సెక్షన్ ఒకటి, 2241 సెక్షన్ ఒకటి. తీర్పే తప్పు, సజా వేయడమే తప్పు, నా లాయరు నన్ను ముంచాడు, ఇలాంటివన్నీ 2255 కింద, సజా వేసిన కోర్టులోనే వేయాలి. సజా సరే, దాన్ని అమలుచేసే తీరు తప్పు, రోజుల లెక్క తప్పు అంటే 2241 కింద, జైలు ఉన్న జిల్లా కోర్టులో వేయాలి. ఈ విభజన 1948లో వచ్చింది. అంతకుముందు అన్నీ హెబియస్‌లే, పెద్ద జైళ్లున్న కొద్ది జిల్లాల కోర్టుల మీదే దేశంలోని పిటిషన్లన్నీ వచ్చి పడేవి, సాక్షులూ రికార్డులూ ఎక్కడో దూరంగా ఉండేవి. అందుకని తీర్పు మీద ఫిర్యాదును తీర్పు ఇచ్చిన చోటికే పంపారు. "అధికారం లేదు" అని జడ్జి రాసింది దీని గురించే. జైలు వాళ్ల జిల్లాలోనే ఉన్నా, మీ తమ్ముడి లాయరు సంగతి వినే అధికారం ఆ కోర్టుకు లేదు.

2255 సరిపోనప్పుడు 2241 వాడుకోవచ్చని చట్టంలో ఒక చిన్న కిటికీ ఉంది. చాలా ఏళ్లు ఎంతోమంది ఖైదీలు ఆ కిటికీలోంచే వచ్చేవాళ్లు. 2023 జూన్ 22న సుప్రీంకోర్టు జోన్స్ వర్సెస్ హెండ్రిక్స్ కేసులో దాన్ని దాదాపు మూసేసింది. ఆ కేసు గురించి చెప్పకుండా ఉండలేను. జోన్స్‌కు 2000లో శిక్ష పడింది, పాత నేరస్థుడై ఉండి తుపాకీ పెట్టుకున్నాడని. 2019లో సుప్రీంకోర్టే ఇంకో కేసులో, నిందితుడికి తన మీద ఆ నిషేధానికి కారణమైన హోదా ఉందని తెలుసునని ప్రభుత్వం రుజువు చేయాలి అని చెప్పింది. అంటే జోన్స్ విషయంలో రుజువు చేయాల్సింది అప్పట్లో రుజువు చేయలేదు. ఆయన తన 2255 అప్పటికే వాడేసుకున్నాడు, రెండోసారి వేయాలంటే కొత్త సాక్ష్యమో, సుప్రీంకోర్టు వెనకటి కేసులకు కూడా వర్తింపజేసిన కొత్త రాజ్యాంగ సూత్రమో ఉండాలి, చట్టం అర్థం మారిందంటే సరిపోదు. అందుకని అర్కన్సాలో, తాను ఉన్న జైలు జిల్లాలో 2241 వేశాడు. అధికారం లేదని డిస్మిస్ చేశారు. ఆరుగురు జడ్జీలు అది సరే అన్నారు, ముగ్గురు ఒప్పుకోలేదు. చట్టం దృష్టిలో నేరమే కాని పనికి లోపల ఉన్నానని చెప్పేవాడికి కూడా వినిపించుకునే చోటు లేకుండా పోయింది. నాకు ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ ఈరోజు ఉన్న చట్టం అదే. మీ జడ్జి ఈ కేసునే చూపించి ఉంటారు, ఆర్డరు చూడండి.

మరి లాయరు సంగతి 2255 కింద వేయొచ్చా? ఇక్కడ మీకు కష్టమైన మాటే చెప్పాలి. 2010లో పడియా కేసులో సుప్రీంకోర్టు, తప్పు ఒప్పుకుంటే దేశం నుంచి పంపేస్తారని లాయరు చెప్పి తీరాలి అన్నది, కాబట్టి వాదనలో బలం ఉండొచ్చు. కానీ 2255కు ఒక సంవత్సరమే గడువు. అప్పీలు వేయకపోతే సజా పడిన 14 రోజులకు తీర్పు ఖరారవుతుంది, అక్కడినుంచి ఏడాది. మీవాడిది 2024 మార్చి నాటికే అయిపోయింది. పైగా తప్పు ఒప్పుకునే రోజున జడ్జి కూడా ఈ సంగతి చెప్పాలని రూల్ ఉంది, చెప్పి ఉంటే అది రికార్డులో ఉంటుంది. ఆ గడువును సడలించడం చాలా అరుదు. ఈ అంశం మీద అప్పీలు గెలిపిస్తానని 4,000 డాలర్లు అడిగేవాడికి ఒక్క రూపాయి పంపకండి. హెబియస్ వేయడానికి కోర్టు ఫీజు 5 డాలర్లు అన్నా. అప్పీలుకు 605, అదీ లేనివాళ్లకు మినహాయింపు అడగొచ్చు.

ఇప్పుడు బతికున్న అంశం, రోజుల లెక్క. 2018 డిసెంబరులో ఫస్ట్ స్టెప్ యాక్ట్ వచ్చింది. దాని ప్రకారం ఒప్పుకున్న క్లాసులు, పనులు చేస్తూ ఉంటే ప్రతి 30 రోజులకు 10 రోజులు, మళ్లీ నేరం చేసే రిస్కు తక్కువని వరసగా రెండుసార్లు తేలినవాళ్లకు ఇంకో 5 కలిపి 15 రోజులు వస్తాయి. అందులో 12 నెలల దాకా ముందే బయటికి పంపడానికి వాడొచ్చు. ఇది మంచి నడవడికకు ఏడాదికి 54 రోజులు ఇచ్చేదానికి వేరు. మీ 2026 సెప్టెంబరు తేదీలో ఆ 54 లెక్క కలిసే ఉంది, 5 ఏళ్లకు 270 రోజులు, లెక్క వేసుకోండి సరిపోతుంది. ఫస్ట్ స్టెప్ రోజులు నిండుగా పడితే అది 2025 సెప్టెంబరు దగ్గరికి వస్తుంది. అంటే ఇంకో ఆరు నెలలు.

ఆ కౌన్సెలర్ నోటిమాట సగం నిజం, ఆ సగం ఏదో తేల్చుకోవడమే మీ పని. చట్టంలో ఉన్నది ఇది: దేశం నుంచి పంపేయమని ఆఖరి ఉత్తర్వు పడినవాళ్లు రోజులు సంపాదించినా వాడుకోలేరు. ఆఖరి ఉత్తర్వు వేరు, డిటైనర్ వేరు. డిటైనర్ అంటే విడుదలయ్యే రోజు మాకు అప్పగించండి అని ఇమ్మిగ్రేషన్ వాళ్లు జైలుకు పెట్టుకునే అర్జీ మాత్రమే. మొదట్లో జైళ్ల శాఖ డిటైనర్ ఉన్నా ఇవ్వలేదు, 2023 ఫిబ్రవరిలో ఆ రూల్ తీసేసింది. కాబట్టి మీ తమ్ముడికి ఉన్నది డిటైనరా, ఆఖరి ఉత్తర్వా? మొత్తం ఇక్కడే ఆధారపడి ఉంది.

ఆఖరి ఉత్తర్వు ఇమ్మిగ్రేషన్ జడ్జి దగ్గరికి పోకుండా కూడా పడొచ్చు. గ్రీన్‌కార్డు లేనివాళ్లకు, మోసం కేసులో నష్టం 10,000 డాలర్లు దాటితే, ఇమ్మిగ్రేషన్ ఆఫీసరే కాగితం మీద ఇచ్చేయొచ్చు. అది ఇమ్మిగ్రేషన్ కోర్టు వెబ్‌సైట్లో ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఇచ్చే తొమ్మిది అంకెల ఏ-నంబరు కొట్టి చూసినా కనిపించదు. వాడు లోపల ఏ కాగితం మీదైనా సంతకం పెట్టాడా అని గట్టిగా అడగండి. ఇప్పటినుంచి అడగకుండా దేనిమీదా పెట్టొద్దని చెప్పండి.

మరి జడ్జి మొదటి అంశాన్ని ఎందుకు తిప్పి పంపారు? ముందు జైలు లోపలి మెట్లు ఎక్కి రమ్మని. అవి నాలుగు. మొదట బీపీ-8 అనే ఫారం, అది కౌన్సెలర్‌తోనే మాట్లాడి తేల్చుకునే ప్రయత్నం. తర్వాత బీపీ-9 వార్డెన్‌కు, జవాబుకు 20 రోజులు. అది నచ్చకపోతే 20 రోజుల్లోపు బీపీ-10 ప్రాంతీయ డైరెక్టర్‌కు, జవాబుకు 30 రోజులు. ఆ తర్వాత 30 రోజుల్లోపు బీపీ-11 వాషింగ్టన్‌కు, జవాబుకు 40 రోజులు. వాళ్లు ప్రతి మెట్టులో గడువు పొడిగించుకోవచ్చు. గడువులో జవాబు రాకపోతే కాదన్నట్టే లెక్క పెట్టుకుని పై మెట్టుకు పోవచ్చు, ఖాళీగా కూర్చోనక్కర్లేదు. మీవాడు కౌన్సెలర్ నోటిమాట విని నేరుగా కోర్టుకు పోయాడు, ఒక్క కాగితం కూడా లేదు. అందుకే వితౌట్ ప్రెజుడిస్.

అప్పీలు చేస్తారా అంటే, 2241కు 60 రోజుల గడువు ఉంది, మే రెండో వారం దాకా. కానీ అప్పీలు తేలేసరికి ఏడాది దాటొచ్చు, అప్పటికి సజానే అయిపోతుంది. మెట్లు ఎక్కడమే తొందరగా అవుతుందని నా అభిప్రాయం. ఈలోపు ఎక్కడైనా వాళ్లే ఒప్పుకుని తేదీ మార్చినా మార్చొచ్చు.

జడ్చర్ల_వదిన:

అన్నయ్యా, మీ పోస్టు చదివి ఏడుపొచ్చింది. మాది జడ్చర్ల. మా ఆయన కూడా అక్కడ ఫెడరల్ జైల్లో మూడేళ్లు ఉండి వచ్చాడు, కేసు వేరు. నేను పిల్లాడితో ఇక్కడే ఉన్నాను. కాగితాల గురించి డాలస్ తమ్ముడు చెప్పాడు, ఇంట్లోవాళ్లుగా మనం చేయగలిగేది నేను చెప్తాను.

ఫోన్ 15 నిమిషాలకు కట్ అవుతుంది, మీకు తెలుసు. మేం మొదట్లో ఆ 15 నిమిషాలూ ఏడవడంతోనే అయిపోయేవి. తర్వాత నేను ముందే నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని, ఈసారి అడగాల్సినవి మూడే మూడు. మీరు ఈసారి అడగండి: ఆఖరి ఉత్తర్వు కాగితం ఏదైనా చేతికొచ్చిందా, సంతకం ఎక్కడైనా పెట్టావా, బీపీ-8 ఫారం అడిగావా. ఆ తర్వాతే అమ్మకు ఫోన్ ఇవ్వండి.

ప్రతి ఫారం కాపీ దాచుకోమనండి. మా ఆయన ఒకటి పోగొట్టుకున్నాడు, అది ఇచ్చినట్టు మా దగ్గర రుజువు లేకుండా పోయి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది, రెండు నెలలు పోయాయి. ఏ తారీఖున ఎవరి చేతికి ఇచ్చాడో వాడు ఇంటికి మెయిల్‌లో రాస్తే అది కూడా మీ దగ్గర పడి ఉంటుంది. మేం తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకునేవాళ్లం, అలాగే రాయమనండి.

ఇంకోటి, మా మామయ్య కూడా పొలం అమ్మాడు అన్నయ్యా. మనిషి తిరిగొచ్చాడు, పొలం రాలేదు. వచ్చిన మనిషికి చేసుకోవడానికి పని లేక ఏడాది ఇంట్లో కూర్చున్నాడు. మీ తమ్ముడు వచ్చాక ఆ రోడ్డు పక్క ఎకరమే వాడికి ఆధారం కావొచ్చు. అమ్మకండి.

మిర్యాలగూడ_మామ:

శిక్షను ఇండియాకు మార్పించుకునే పద్ధతి ఉంది కదా, మిగతాది ఇక్కడి జైల్లో గడపొచ్చు, మన చట్టం 2003లో వచ్చింది. అది అడగరాదా?

నకిరేకల్_డాలస్:

మామా, ఉంది. అమెరికాతో అది ఇంటర్-అమెరికన్ ఒప్పందం కింద జరుగుతుంది. కానీ రెండు ప్రభుత్వాలూ, ఖైదీ ముగ్గురూ ఒప్పుకోవాలి, కాగితాలు కదలడానికి చాలా కాలం పడుతుంది. పదేళ్లు మిగిలినవాళ్లకు అడిగి చూడదగ్గదే. వీళ్లకు మిగిలింది ఏడాదిన్నర, ఆ ఫైలు కదిలేలోపే వాడు ఇంటికి వచ్చేస్తాడు.

దేవరకొండ_అన్న:

అందరికీ దండాలు. మూడు రోజులు పోస్టు చేయలేదు, వాడి ఫోన్ కోసం చూశాను. నిన్న రాత్రి చేశాడు. జడ్చర్ల అక్క చెప్పినట్టే నోట్‌బుక్‌లో రాసుకుని కూర్చున్నాను.

ఆఖరి ఉత్తర్వు ఏదీ తనకు రాలేదన్నాడు. వచ్చింది డిటైనర్ కాగితం ఒక్కటే, జైలుకు వచ్చిన కొత్తలో చూపించారట. తాను సంతకం పెట్టింది జైలు రూల్స్ పుస్తకం తీసుకున్నట్టు మాత్రమేనట. ఇంకోసారి కాగితాలన్నీ తిరగేసి మెయిల్‌లో రాయమన్నాను. పిటిషన్ రాసిపెట్టిన తోటి ఖైదీ మీద వాడికి కోపం వచ్చింది, నేను వద్దన్నాను, ఆయన తెలిసినంతలో సాయం చేశాడు. ఆర్డరులో ఆరో పేజీలో జోన్స్ కేసు పేరు ఉంది, డాలస్ తమ్ముడు చెప్పినట్టే. ఏడాది గడువు సంగతి చెప్తే వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ నిమిషం 15 నిమిషాల్లోంచి పోయినా నేను కదిలించలేదు.

బీపీ-8 ఫారం సోమవారం అడుగుతానన్నాడు. ఫోన్ చేసినాయనకు వద్దని చెప్పేశాను, నాయిన కూడా ఎకరం మాట ఎత్తడం లేదు.

అమ్మకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఈసారి మాట చూసుకుని చెప్పాను. రెండు దరఖాస్తుల్లో ఒకటి నిజంగానే పోయిందమ్మా, ఇంకోటి మాత్రం కొట్టేయలేదు, ముందు జైలు ఆఫీసులో అడిగి రమ్మని తిప్పి పంపారు అన్నాను. మండలాఫీసులో మన పాసుబుక్కు కాగితం తిప్పి పంపినట్టా అని అడిగింది. అవునన్నాను. అయితే మళ్లీ పెట్టమను అన్నది.

ఒక్క సందేహం మిగిలింది. బీపీ-9లో లాయరు సంగతి కూడా కలిపి రాయొచ్చా? పేజీలు ఎన్నైనా పెట్టొచ్చా?

నకిరేకల్_డాలస్:

కలపొద్దు అన్నా. ఒక ఫారంలో ఒకే ఫిర్యాదు ఉండాలి, కలిపితే వెనక్కి పంపేస్తారు. ఫారం మీద ఉన్న చోటు కాక అదనంగా ఒక్క పేజీ మాత్రమే పెట్టనిస్తారు. మూడు మాటలు రాస్తే చాలు: నాకు ఆఖరి ఉత్తర్వు లేదు, డిటైనర్ మాత్రమే ఉంది, 2023 ఫిబ్రవరి మార్పు ప్రకారం నా రోజులు లెక్కలో వేసి కొత్త విడుదల తేదీ ఇవ్వండి. మామూలుగా సంఘటన జరిగిన 20 రోజుల్లోపు బీపీ-9 వేయాలి, కౌన్సెలర్ ఆ మాట అని నెలలు గడిచాయి కాబట్టి ఆలస్యమైందని వెనక్కి పంపొచ్చు. అందుకని ముందు జైల్లో తన కేసు చూసే టీమ్‌ను తాజా రోజుల లెక్క కాగితం అడిగి తీసుకోమనండి, అందులో వాడకానికి సున్నా అని ఉంటే ఆ తారీఖు నుంచి మొదలైనట్టు రాయాలి. బీపీ-8 ఇచ్చిన రోజు తారీఖు ఇక్కడ పెట్టండి, మిగతా తేదీలు నేను లెక్క వేసి ఇస్తాను.